చేదు, వగరు, మాడు: ఇంపీరియల్ స్టౌట్‌ను రుచి చూడటం ఎలా

ఇంపీరియల్ స్టౌట్ అనే నల్లటి, బలమైన బీరు ఎలా ఉందని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు "బాగా చేదు, కాఫీలా ఉంది" అని. అది తప్పు కాదు గానీ, దానివల్ల ఆ బీరు గురించి తెలిసేది తక్కువ. చేదు అన్న ఆ ఒక్క మాట కింద నాలుగు సంగతులు ముద్దగా పడి ఉంటాయి. హాప్స్ (చేదు కోసం బీరులో వేసే పువ్వులు) తెచ్చే చేదు ఒకటి, మాడ్చిన గింజల చేదు ఇంకొకటి. నోటిని ఆరగట్టే వగరు, ముదురు మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నుంచి వచ్చే సన్నటి పులుపు మిగతా రెండు. పైన ఆల్కహాల్ ఘాటు ఎలాగూ ఉంటుంది. బీరు బాగా కుదిరిందా, కుదరకపోతే ఎక్కడ చెడింది అన్నది ఈ ముద్దను విడదీయగలిగితేనే తెలుస్తుంది. ఈ పనిలో తెలుగువాళ్లకు కొంత వెసులుబాటు ఉంది. షడ్రుచుల్లో చేదుకు ఒక పీట, వగరుకు వేరే పీట ఎప్పుడో వేసి పెట్టారు. ఇంగ్లీషులో వగరుకు ఉన్న మాట వంటింటి మాట కాదు, పుస్తకాల మాట. అందుకే అక్కడ మామూలుగా తాగేవాళ్లు దాన్ని చేదులోనే కలిపేస్తుంటారు.

నలుపు చెప్పని సంగతి

ముందుగా రంగు తెచ్చే భ్రమ వదిలించుకోవాలి. ఇంత నల్లగా ఉందంటే చిక్కగా ఉంటుందని, గట్టిగా ఎక్కుతుందని అనిపిస్తుంది. నిజానికి నలుపునిచ్చే మాడ్చిన గింజలు మొత్తం గింజల్లో పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే ఉంటాయి. మిగతాదంతా చాలావరకు లేత రంగు మాల్టే. 4 శాతం ఆల్కహాల్ ఉన్న ఐరిష్ స్టౌట్ కూడా గ్లాసులో దాదాపు ఇంతే నల్లగా కనిపిస్తుంది, నోట్లో మాత్రం పలచగా జారిపోతుంది. చిక్కదనం ఇచ్చేవి పులియకుండా మిగిలిన డెక్స్‌ట్రిన్లు, చక్కెరలు. ఓట్స్ వేస్తే వాటిలోని బీటా గ్లూకాన్లు కూడా తోడవుతాయి. రంగుకు ఇందులో పెద్ద పాత్ర లేదు.

పోటీల్లో బీర్లను తూచే బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ 2021 మార్గదర్శకాల ప్రకారం ఇంపీరియల్ స్టౌట్‌లో ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం ఉంటుంది. చేదు 50 నుంచి 90 ఐబీయూ (చేదును కొలిచే ప్రమాణం). పులియకముందు సాంద్రత (నీళ్లు 1 అనుకుంటే) 1.075 నుంచి 1.115, పులిశాక 1.018 నుంచి 1.030. వీటిలో రుచి చూసేవారు ఎక్కువగా గమనించాల్సింది ఆ చివరి అంకెను. 70 ఐబీయూ చేదు 1.010 దగ్గర ఆగిన బీరులో నాలుకను కోస్తుంది, అదే చేదు 1.028 దగ్గర ఆగిన బీరులో తీపి వెనక సర్దుకుపోతుంది. సీసా మీద ఐబీయూ ఒక్కటే చూసి చేదును ఊహిస్తే తప్పుతుంది.

ఈ బీరు పుట్టింది లండన్‌లో. 18వ శతాబ్దంలో అక్కడి పోర్టర్ అనే ముదురు రంగు బీరులో బలమైన రకాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు. అక్కడ స్టౌట్ అంటే బలమైనదని అర్థం, నల్లనిదని కాదు. థేమ్స్ దక్షిణ ఒడ్డున సదర్క్‌లో థ్రేల్ కుటుంబం నడిపిన యాంకర్ బ్రూవరీ నుంచి బలమైన పోర్టర్ రష్యా రాజాస్థానానికి వెళ్లేది. హెన్రీ థ్రేల్ చనిపోయాక 1781లో ఆ బ్రూవరీ బార్క్లే పెర్కిన్స్ చేతికి వచ్చింది, ఎగుమతి సాగింది. ఇంపీరియల్ అన్న పేరు ఆ రాజసంబంధం నుంచి వచ్చిందే. ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. అంతగా పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. మాల్ట్‌ను మండనివ్వకుండా నల్లగా వేయించే గుండ్రటి డ్రమ్‌కు డేనియల్ వీలర్ పేటెంట్ తీసుకున్నది 1817లో. ఆ ఎగుమతుల కాలంలో రష్యాను ఏలిన మహారాణి కేథరిన్ అంతకు 21 ఏళ్ల ముందే, 1796లో చనిపోయింది. మాల్ట్ చేయని బార్లీతో (ఇప్పటి రోస్టెడ్ బార్లీ అదే) బీరు కాచడానికి బ్రిటన్‌లో అనుమతి వచ్చింది ఇంకా ఆలస్యంగా, 1880లో మాల్ట్ పన్ను ఎత్తేశాక. అంటే ఈ రోజు "అసలైన ఇంపీరియల్ స్టౌట్ రుచి" అని చెప్పుకునే నల్ల కాఫీ రుచి ఆమె తాగిన బీరులో ఉండే వీలు లేదు. అప్పటిది బ్రౌన్ మాల్ట్‌తో చేసిన బీరు. సంప్రదాయం పేరు చెప్పి మాడును సమర్థించేవారు ఈ తేదీలు ఒకసారి చూసుకోవాలి.

గ్లాసు, చల్లదనం

ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉన్న స్టౌట్‌ను నేరుగా తాగితే వాసన సగం కూడా పైకి రాదు. తీపి అణిగిపోతుంది, చేదూ వగరూ మాత్రం మొనదేలి కనిపిస్తాయి. "పలచగా, చేదుగా ఉంది" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెట్టి, గ్లాసులోనే 16 వరకు వేడెక్కనివ్వడం మంచిది. సీసాను ఫ్రిజ్ నుంచి తీసి అరగంట బయట పెడితే దాదాపు అక్కడికి చేరుతుంది, గది వేడిగా ఉంటే ఇంకా ముందే. 18 దాటితే ఆల్కహాల్ ముక్కుకు కొట్టి మిగతా వాసనలను కప్పేస్తుంది.

గ్లాసు కింద గుండ్రంగా, పైన మూతి బిగిసి ఉన్నదైతే మేలు. స్నిఫ్టర్, ట్యులిప్, ఏదీ లేకపోతే వైన్ గ్లాసు. 120 నుంచి 150 మిల్లీలీటర్లు పోసి, పైన వాసన నిలవడానికి చోటు వదలాలి. గ్లాసు శుభ్రత మీద కొంచెం చాదస్తం ఉండాల్సిందే. జిడ్డు గానీ సబ్బు గానీ మిగిలితే నురగ క్షణాల్లో చస్తుంది, ఆ నేరం బీరు మీద పడుతుంది. ఖాళీ గ్లాసును నీళ్లలో ముంచి ఎత్తినప్పుడు నీరు పలచటి పొరలా జారితే శుభ్రమైనట్టు. చుక్కలు చుక్కలుగా విడిపోతే జిడ్డు ఉన్నట్టు.

మంచి నురగ ముదురు గోధుమ రంగులో, సన్నటి బుడగలతో ఉంటుంది. అయితే 12 శాతం దాటిన బీర్లలో నురగ త్వరగా కూలిపోవడం లోపం కాదు. ఎక్కువ ఆల్కహాల్ నురగను నిలవనివ్వదు, కొబ్బరి, కాఫీ, కోకో వేసిన వాటిలో ఆ గింజల నూనె కూడా నురగను చంపుతుంది. గ్లాసును తిప్పినప్పుడు గోడల మీద గోధుమ రంగు మరక కాసేపు నిలిస్తే బీరు చిక్కగా ఉన్నట్టు ఒక సూచన, అంతే. దానికి మార్కులు వేయక్కర్లేదు.

ముక్కు మూసుకుని ఒక గుక్క

వాసన చూసేటప్పుడు గ్లాసులోకి ముక్కు దూర్చి గట్టిగా పీల్చకూడదు. ఇంత ఆల్కహాల్ ఉన్న బీరులో ఆ మొదటి పీల్పుకే ముక్కు మొద్దుబారుతుంది. ముక్కుకు నాలుగైదు అంగుళాల దూరంలో గ్లాసును ఒకసారి అటూ ఇటూ కదిపి, తర్వాత దగ్గరగా తెచ్చి రెండు మూడు చిన్న పీల్పులు పీల్చాలి. తట్టినదాన్ని రుచి చూడకముందే రాసుకోవాలి. నాలుక తీర్పు చెప్పాక ముక్కు సాక్ష్యం మారిపోతుంది.

ఇక అసలు పరీక్ష. ముక్కు రెండు వేళ్లతో మూసి, సుమారు 15 మిల్లీలీటర్లు నోట్లోకి తీసుకుని, నాలుక మీద మూడు నాలుగు సెకన్లు తిప్పి మింగాలి. అప్పుడు తెలిసేవి తీపి, చేదు, పులుపు, వగరు, గొంతులో వేడి మాత్రమే. కాఫీ, చాక్లెట్ జాడ కూడా ఉండదు. వేళ్లు తీసి ముక్కుతో గాలి వదిలితే అవన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. కాఫీ, కోకో, ఎండుద్రాక్ష అని మనం రాసుకునేవన్నీ గొంతు వెనకనుంచి ముక్కుకు చేరే వాసనలు. నాలుక పని వేరు, ముక్కు పని వేరు అని ఒక్క గుక్కలో తేలిపోతుంది. ఒకే సీసాకు ఈ పరీక్ష రెండుసార్లు చేస్తే చాలు, అంతకన్నా ఎక్కువైతే విసుగు.

నాలుక మీది వాటిని విడదీయడానికి ఒక సులువైన గుర్తు ఉంది. పులుపు నోరూరిస్తుంది, వగరు నోరు ఆరబెడుతుంది, చేదు ఆ రెండూ చేయదు, నాలుక వెనక కూర్చుని పోనంటుంది. మింగాక నాలుకను అంగిలికి రుద్ది చూడాలి. గరుకుగా, పట్టు బట్ట మీద వేలు ఆగినట్టు ఆగితే వగరు ఉంది. వగరునిచ్చే పాలీఫినాల్స్ లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుని, జారుడుతనాన్ని తీసేయడం వల్ల అలా అవుతుంది. అంటే వగరును నోరు రుచిగా కన్నా స్పర్శగానే ఎక్కువ పట్టుకుంటుంది. దవడల పక్కన నీరూరితే ముదురు మాల్ట్ పులుపు. కొంచెం ఉంటే బీరు కళగా ఉంటుంది, లేకపోతే చప్పగా తియ్యగా పడి ఉంటుంది.

అలవాటు లేనివారు పక్కన మూడు గ్లాసులు పెట్టుకుంటే తొందరగా పట్టుబడుతుంది. పాలు, చక్కెర లేని చల్లారిన కాఫీ ఒకటి, ఇందులో చేదూ పులుపూ కలిసి ఉంటాయి. పది నిమిషాలు నానబెట్టిన టీ ఆకు డికాషన్ ఒకటి, ఇది వగరుకు కొలమానం. మూడోది నల్లగా మాడ్చిన బ్రెడ్ ముక్కను నానబెట్టి వడకట్టిన నీళ్లు. బీరులో ఉన్నది ఈ మూడింటిలో దేనికి దగ్గరో చూసుకుంటూ పోవాలి. గుక్కకూ గుక్కకూ మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. చేదు పేరుకుపోయే రుచి కాబట్టి, నాలుగో గుక్కకు అన్ని స్టౌట్లూ ఒకేలా అనిపించడం మొదలవుతుంది. గది వేడిలో ఉన్న మంచినీళ్లు, ఉప్పూ కారం లేని బ్రెడ్ తప్ప మరేమీ మధ్యలో తినకూడదు.

మాడు ఎక్కడ మొదలవుతుంది

వేయించిన రుచి అన్నది ఒకటే వస్తువు కాదు. చాక్లెట్ మాల్ట్ కోకో పొడిని, వేయించిన గింజ పప్పులను గుర్తు చేస్తుంది. రోస్టెడ్ బార్లీది పొడిగా ఉండే కాఫీ రుచి. బ్లాక్ మాల్ట్ కొద్దిగా పడితే చురుకుదనం వస్తుంది, ఎక్కువైతే బొగ్గు, బూడిద. పొట్టు తీసి వేయించిన మాల్ట్ రంగు బాగా ఇస్తుంది, గరుకు తక్కువ. ముదురు క్రిస్టల్ మాల్ట్‌లు ఎండుద్రాక్ష, కాలిన చక్కెర వైపు లాగుతాయి. ఈస్ట్ చేసే ఎస్టర్లు (పండ్ల వాసనిచ్చే పదార్థాలు) కూడా ఈ ఎండు పండ్ల వాసనకు తోడవుతాయి. అందుకని "ఖర్జూరం, అంజీర్" అని రాసుకున్నప్పుడు అది మాల్ట్ పుణ్యమా, ఈస్ట్ పుణ్యమా అన్నది తేల్చుకోవడం కష్టం, తేల్చకపోయినా నష్టం లేదు.

కాఫీకీ బూడిదకూ మధ్య గీత దాటించేది ఎక్కువగా రెండే: గింజల పాళ్లు, నీళ్లు. మాడ్చిన గింజలు ఆమ్లగుణం గలవి. మాష్ (వేడినీళ్లలో నానబెట్టిన గింజల ముద్ద) పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. లవణాలు తక్కువగా ఉండే మెత్తటి నీళ్లలో నల్ల గింజలు ఎక్కువ వేస్తే అది 5.2 కిందికి జారుతుంది, బీరు పుల్లగా, ఘాటుగా, గొంతును గీరేలా తయారవుతుంది. లండన్ నీళ్లలో కార్బొనేట్ ఎక్కువ. ఆ నీళ్లే పోర్టర్‌కు కలిసొచ్చాయి, లేత బీర్లకు ఇబ్బంది పెట్టాయి. మెత్తటి నీళ్లున్న బ్రూవర్లు బేకింగ్ సోడాతో గానీ సున్నంతో గానీ సరిచేస్తారు. ఇంకొందరు నల్ల గింజలను మాష్ చివరి పావుగంటలో మాత్రమే కలుపుతారు, లేదా రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి ఆ రసం తీసుకుంటారు. ఇలా చేస్తే గరుకు బాగా తగ్గుతుంది. వగరుకు ఇంకో దారి కూడా ఉంది. గింజలను కడిగే నీళ్లు 77 డిగ్రీలు దాటినా, కడిగేకొద్దీ పీహెచ్ 6 పైకి పోయినా పొట్టులోని టానిన్లు దిగుతాయి. రుచి చూసేవారికి దీంతో పనేమిటంటే, పులుపుతో కలిసి వచ్చే గరుకు మాష్ వైపు వేలు చూపిస్తుంది, పులుపు లేని ఒట్టి టీ ఆకు వగరు కడుగుడు వైపు. నూటికి నూరు పాళ్లు కాకపోయినా, ఈ లెక్క చాలాసార్లు సరిపోతుంది.

వెచ్చదనమా, మంటా

10 శాతం బీరు ఛాతీలో వెచ్చగా దిగాలి, గొంతులో మండకూడదు. మండితే, పైగా గోళ్ల రంగు వాసన వేస్తే, పులియబెట్టడంలో తేడా జరిగింది. ఈస్ట్ చాలకపోయినా, మొదటి మూడు రోజుల్లో వేడి అదుపు తప్పినా గొంతు మండించే ఫ్యూజల్ ఆల్కహాల్‌లు, గోళ్ల రంగు వాసనిచ్చే ఇథైల్ ఎసిటేట్ పెరుగుతాయి. ఏల్ ఈస్ట్‌తో 18, 20 డిగ్రీల మధ్య మొదలుపెట్టి, సగం పైగా పులిశాకే పెరగనివ్వడం క్షేమం. ఈస్ట్ లెక్క ఇలా ఉంటుంది: ఇంత బలమైన బీరుకు ప్రతి మిల్లీలీటరుకు, ప్రతి ప్లేటో డిగ్రీకి (రసంలోని చక్కెర కొలత) పది లక్షల కణాలు. 24 ప్లేటో ఉన్న 20 లీటర్ల రసానికి 48,000 కోట్ల కణాలు అవుతాయి. మామూలు బలమున్న బీరుకు సరిపోయే ఒక్క ప్యాకెట్‌తో సరిపెట్టాలని చూస్తే మధ్యలోనే ఈస్ట్ చతికిలబడుతుంది. అప్పుడు మిగిలే తీపి వేరేలా ఉంటుంది. కాచిన మాల్ట్ రసంలా పచ్చిగా, జిగటగా ఉండి, రెండో గ్లాసుకే మొహం మొత్తుతుంది. లాక్టోజ్ (పాల చక్కెర), వెనిలా వేసి కావాలనే తియ్యగా చేసే పేస్ట్రీ స్టౌట్‌లూ ఉన్నాయి, వాటిలో చివరి సాంద్రత 1.040 దాటేవీ ఉన్నాయి. వాటిని వాటి కొలతతోనే చూడాలి. అయితే అక్కడ కూడా చేదు బొత్తిగా లేకపోతే అది స్టౌట్ అనిపించుకోదు, పాకం అవుతుంది.

మిగతా లోపాల్లో నలుపు చాటున దాక్కునేవి కొన్ని ఉన్నాయి. డయాసిటైల్ తెచ్చే వెన్న వాసనను టాఫీ అని పొరబడటం సులువు. గ్లాసును అరచేతిలో వెచ్చబెట్టి చూస్తే వెన్న పెరుగుతుంది, నాలుక మీద నూనె రాసినట్టు ఉంటుంది. సోయా సాస్ వాసన వస్తే చచ్చిన ఈస్ట్ కరిగి ఉండాలి, లేదా గాలి తగిలి, వేడిలో నిలవుండి ఉండాలి. కాఫీ వేసిన స్టౌట్‌లు పాతబడితే పచ్చి క్యాప్సికమ్ వాసన కొడతాయి. వాటిని దాచకుండా కొన్న నెలల్లోనే తాగేయాలి. ప్లాస్టిక్, ఆసుపత్రి కట్టు వాసన వస్తే నీళ్లలోని క్లోరిన్ ఫినాల్స్‌తో కలిసిందని అనుమానించాలి. మందంగా పొగ వాసన ఉన్న బీరులో దీన్ని పొగే అనుకుని మెచ్చుకునేవారూ ఉంటారు.

పుల్లటి తోలు, పశువుల కొట్టం వాసన ఈ రోజు లోపం కిందే లెక్క. చిత్రమేమిటంటే, దానికి కారణమైన బ్రెటనోమైసెస్ ఈస్ట్‌ను వేరుచేసి, నిల్వ ఉంచిన ఇంగ్లీషు బీర్ల ప్రత్యేక రుచి దీనిదేనని 1904లో చెప్పింది కార్ల్స్‌బర్గ్ శాస్త్రజ్ఞుడు క్లాసెన్. ఆనాడు అదే నాణ్యతకు గుర్తు.

పీపా, నిల్వ

బూర్బన్ విస్కీకి అమెరికా చట్టం ప్రకారం లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలి. ఒకసారి వాడిన పీపాలో మళ్లీ బూర్బన్ పెట్టడానికి లేదు. అలా మిగిలిన సుమారు 200 లీటర్ల పీపాల్లో స్టౌట్‌ను ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉంచుతారు. ఓక్ నుంచి వెనిలిన్, కొబ్బరిని తలపించే లాక్టోన్‌లు, చెక్కలో ఇంకిన విస్కీ బీరులోకి దిగుతాయి, ఆల్కహాల్ కూడా పెరుగుతుంది. ఇక్కడ చూడాల్సింది ఒకటే. వెనిలా, విస్కీ తీసేసి చూస్తే కింద స్టౌట్ మిగులుతుందా? బలహీనమైన బీరు పీపాలో పడితే చెక్క నమిలినట్టు వగరుగా మారుతుంది. సన్నటి పులుపు, అది కూడా పెరుగు తరహాది, తగిలితే పీపాలో లాక్టోబాసిల్లస్ చేరిందనుకోవచ్చు.

నిల్వ ఉంచదలిస్తే 10 నుంచి 13 డిగ్రీల దగ్గర, చీకట్లో, సీసాను నిలబెట్టి ఉంచాలి. మొదటి రెండేళ్లలో హాప్ చేదు తగ్గి, మాడు మెత్తబడి, ఎండు పండ్లు, షెర్రీ వైన్ తీరు పైకి వస్తాయి. ఆ తర్వాత ప్రతి సీసా బాగుపడుతుందని నమ్మకం లేదు. పలచనివి, 8 శాతం దగ్గర ఉన్నవి, పొడిగా ముగిసేవి ముందుగా కూలిపోతాయి. కొన్నప్పుడే నచ్చని స్టౌట్‌ను ఐదేళ్లు దాచడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

రాసుకునే చీటీలో "కాఫీ, చాక్లెట్, చేదు" అని ఉంటే నెల తర్వాత చదివినా ఏమీ గుర్తురాదు. అదే "12 డిగ్రీల దగ్గర కోకో పొడి, సన్నటి ఎండుద్రాక్ష, హాప్ చేదు నడిమి, మింగాక పది సెకన్లకు వగరు మొదలు, ముప్పై నిమిషాలకు కాలిన చక్కెర పైకి వచ్చింది, వేడి ఛాతీ వరకే" అని ఉంటే ఆ బీరు కళ్ల ముందు కదులుతుంది. తాగిన వేడి, గడిచిన సమయం రెండూ రాయాలి. పోసిన వెంటనే ఒకసారి, పావుగంటకు ఒకసారి, అరగంటకు ఒకసారి చూస్తే ఒకే సీసాలో మూడు బీర్లు ఉన్నట్టు ఉంటుంది. మోతాదు సంగతి కూడా అంకెల్లోనే చూసుకోవాలి. 10 శాతం బీరు 330 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 26 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 5 శాతం బీరుకు రెండింతలు. ఒక సీసాను ముగ్గురు పంచుకుంటేనే రుచి చూడటం సజావుగా సాగుతుంది. ఆ తర్వాత బండి నడపకూడదు.

గ్లాసు ఖాళీ అయ్యాక వెంటనే కడగొద్దు. పది నిమిషాలు వదిలేసి మళ్లీ వాసన చూడాలి. ఆల్కహాల్ ఎగిరిపోయి, అంచులకు ఆరిన పొరలో మాడు, ఓక్, పొగ మాత్రమే మిగులుతాయి. తాగేటప్పుడు విస్కీ అనిపించింది ఇప్పుడు వెనిలాగా తేలవచ్చు. పొగ అనుకున్నది కట్టు వాసనగా తేలితే, చీటీలో ఆ వరుస కొట్టేసి నీళ్ల లోపమని రాసుకోవాలి.